చేపకు మంచి గాలం

సహం, ఒమన్
మార్చి 1992

గణపతి బావకు,

నేను బాగానే ఉన్నాను. నా చెల్లెలు రాజవ్వ నీ ఇంట్లో, నీ చెల్లెలు కనకవ్వ నా ఇంట్లో ఉన్నారు కాబట్టి ఒకరి క్షేమం అడిగితే రెండిళ్ల క్షేమమూ అడిగినట్టే. కుండమార్పిడి పెళ్లిళ్లలో లాభం ఇదొక్కటేనని నువ్వే అంటుంటావు కదా.

ఇక్కడ నా పని మారింది. ఇన్నాళ్లూ తోటలో నిమ్మచెట్లకు పాదులు తవ్వాను. ఇప్పుడు నన్ను చేపల పనిలో పెట్టారు. నవ్వకు. గంగపుత్రుల ఇంట్లో పుట్టి, ఆ పని వద్దని విమానమెక్కి, సముద్రం దాటి వచ్చి మళ్లీ చేపల దగ్గరే తేలానని నాకూ తెలుసు.

తోటకు నీళ్లు నిలవ చేయడానికి చెరువంత తొట్టి కట్టించారు. ఒక పక్క తుంగ బాగా పెరిగింది. అందులో మన బంగారు తీగ చేపలు ఉన్నాయి. వాటిని తెప్పించి వేసినవాడు పెంబర్టన్ సాబ్. ఇంగ్లండు మనిషి, మా అర్బాబ్‌కు, అంటే మా యజమానికి, పంపుల విషయంలో సలహాలిస్తాడు. వారమంతా మస్కట్‌లో, అజైబా ఆఫీసులో ఉండి, గురువారం సాయంత్రం ఇక్కడికొస్తాడు. శుక్రవారమంతా గట్టు మీద కూర్చుని గాలం వేస్తాడు. చేప పడితే తడి పరుపు మీద పడుకోబెట్టి, కొక్కెం తీసి, మూతికి మందు రాసి, మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. ఒక్కటి కూడా తినడు బావా. అన్నిటికన్నా పెద్ద చేపకు రాణి అని పేరు కూడా పెట్టుకున్నాడు.

సాబ్ చేతులు వణుకుతాయి. దారం ముడి వేయలేడు. "వీడి ఖాందాన్ మొత్తం మఛ్లీవాలా, సాబ్" అని మా ఫోర్‌మన్ నన్ను ముందుకు తోశాడు. సాబ్ బల్ల మీద మూడు గాలాలు పరిచాడు. గాలమూ, సీసం గుండూ, తంగూసు దారమూ కలిపి కట్టిన దాన్ని వాళ్లు రిగ్గు అంటారు. మొదటి దానిలో గుండు దారానికి బిగించి ఉంది. రెండో దానిలో గుండు దారం మీద అటూ ఇటూ జారుతోంది. మూడో దానిలో గుండును ఒక సన్న నూలు దారంతో వేలాడదీశారు. "కౌన్‌సా అచ్ఛా?" అని అడిగాడు. ఇందులో ఆలోచించడానికేముందని మొదటిది చూపించాను. సాబ్ తల అడ్డంగా ఊపి, "మఛ్లీ కే లియే" అన్నాడు.

చేపకు మంచి గాలం ఏదని నన్ను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

అసలు సంగతి ఇది. పెద్ద చేప దారం తెంపుకుని పోయిందనుకో, అది సీసం గుండును ఈడ్చుకుంటూ తిరగకూడదు. తుంగలో చిక్కుకుని చచ్చిపోతుంది. కాబట్టి గుండు ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ సన్న నూలు తెగిపోవాలి. గుండు అక్కడే పడిపోవాలి, చేప వెళ్లిపోవాలి. కొక్కేనికి లోపలుండే ముల్లును కూడా పటకారుతో నొక్కేశాడు. ఆ మూడో రకం రిగ్గులే ఇప్పుడు నేను కట్టాలి.

దసరాకు సెలవు మీద వస్తానని కనకవ్వకు చెప్పు. అర్బాబ్ మాటిచ్చాడు.

నీ బావ,
లచ్చన్న

*

మానేటిపల్లె
ఏప్రిల్ 1992

ఒమన్‌లో చేపలకు సేవ చేస్తున్న బావకు,

నీ ఉత్తరాన్ని మన చేపల సంఘం షెడ్డులో పైకి చదివాను. నలుగురూ వినాల్సిన ఉత్తరం అది. సంఘానికి పెద్దమనిషిని కదా, మంచి విషయం నేనొక్కడినే ఉంచుకోకూడదు. "పట్టి ఇడిసిపెడ్తడా? మరి పట్టుడెందుకుర?" అని ముసలి రాములు రెండుసార్లు అడిగాడు. మందు రాస్తాడన్న చోట చదవడం ఆపాల్సి వచ్చింది. ఎవరూ వినే స్థితిలో లేరు.

ఒక్క మాట. మీ నాయన వేసిన ముడి ఏనుగు లాగినా ఊడదని మానేరు పొడుగునా పేరు. ఆయన కొడుకు తెగిపోయేలా గాలాలు కడుతున్నాడని మాత్రం నేను చదవలేదు. ఆ నాలుగు ముక్కలూ మింగేశాను. నీకు లేకపోయినా నాకు కొంచెం సిగ్గుంది.

మీ చెల్లె రాజవ్వ కులాసాగా ఉంది. మా చెల్లె మాత్రం నీ ఉత్తరం విని నవ్వలేదు. "చేప సంగతి సరే, మనిషి ఎప్పుడొస్తడో సక్కగ రాసిండా?" అని అడిగింది. దసరా అని చెప్పాను. ఏ దసరా అని మళ్లీ అడిగింది.

గణపతి

*

సహం
జూన్ 1992

బావకు,

నీ ఉత్తరం పని చేసింది. ఎలా చేసిందో విను.

ఆ సన్న నూలు చూసినప్పుడల్లా నాకూ నామోషీగానే ఉండేది. మీ నాయన పేరు అని నువ్వు రాశాక చెయ్యి ఊరుకోలేదు. ఒక శుక్రవారం నూలు తీసేసి, గుండును గట్టి తంగూసుతో బిగించి, నాయన నేర్పిన ముడి వేశాను. సాబ్ చూసుకోలేదు. చూస్తే మంచి పనితనం అంటాడనుకున్నాను.

రాణే ఎర పట్టింది. నేరుగా తుంగలోకి పరుగు తీసింది. గుండు తుంగ వేళ్ళలో ఇరుక్కుంది. పైన సాబ్ దారం తెగింది, నా ముడి మాత్రం తెగలేదు. చేప ఆ గుండుకు కట్టేసినట్టయి అక్కడే గిలగిలా కొట్టుకుంటోంది. సాబ్ గట్టు మీద మోకాళ్ల మీద కూలబడ్డాడు. కన్నకూతురు పడిపోయినా మనిషి అలా కూలబడడు. నేను దూకి, బురదలో చేత్తో తడుముతూ వెతికి విడిపించాను. మూతి ఒక పక్క చీలిపోయింది.

ఇక నా వీసా కాన్సిల్ చేసి ఇంటికి పంపేస్తాడనుకున్నాను. భయం వేసింది. నిజం చెప్పాలంటే కొంచెం ఆశ కూడా పుట్టింది. కానీ సాబ్ అరవలేదు. చేపకు మందు రాసి వదిలి, నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఎంత లాగితే నూలు తెగాలో, ఎంత లాగినా తెగకూడనిది ఏదో చీకటి పడేదాకా చూపించాడు. విసిరినప్పుడు గుండు ఊడకూడదు, ఇరుక్కున్నప్పుడు ఉండకూడదు. చెప్పడం తేలిక. వేలికి అది అలవాటు కావాలి.

ఇప్పుడు అలవాటైంది. రాణి మూతి మానుతోంది. తుంగలో నా బొటనవేలు తెగితే క్యాంపులో మందు లేదన్నారు. చేప మందే రాసుకున్నాను. నాకూ మానింది.

లచ్చన్న

*

మానేటిపల్లె
ఆగస్టు 1992

బావా,

ఈసారి వేళాకోళం లేదు.

మొన్న కనకవ్వ తన ఇనప పెట్టె నెత్తిన పెట్టుకుని మా ఇంటికి వచ్చేసింది. పెట్టెను అరుగు మీద దింపి, "పెండ్లాం పుస్తె తెగుతదా ఉంటదా అని అడగనోడు చేప మూతికి మందు రాస్తుండట" అంది. వెంటనే మీ చెల్లె లేచింది. "వదిన గీడికొస్తే నేనెందుకు గీడ ఉండాలె? గా ఇల్లు ఖాళీగుంది, మా అన్న ఇంటికి నేను పోత" అని చీరలు మూట కట్టింది. కుండమార్పిడి అంటే అదే కదా. ఒక పిల్ల ఇటొస్తే ఇంకో పిల్ల అటు పోతుంది. నా తప్పు ఇందులో ఏమీ లేదని చెప్పబోయాను. ఇద్దరూ ఒక్కటై నన్ను తిట్టారు.

కులపెద్దలు కూర్చున్నారు. దసరాకు నువ్వు రాకపోతే రెండు పెళ్లిళ్లూ తెంపుకోమన్నారు. నీ సెలవు మీద ఇప్పుడు నా సంసారం కూడా వేలాడుతోంది. చేపను ఎవరికైనా అప్పజెప్పి రా.

గణపతి

*

సహం
అక్టోబర్ 1992

బావకు,

దసరా వెళ్లిపోయిందని నాకు తెలుసు. నన్ను తిట్టు, కానీ పూర్తిగా చదివి తిట్టు.

సెలవు అడిగితే అర్బాబ్ "బాదేన్, బాదేన్" అంటాడు. తర్వాత చూద్దామని దానర్థం. గట్టిగా అడిగితే సాబ్‌ను అడగమన్నాడు. సాబ్‌ను అడిగాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. "తుమ్ జాతా, రిగ్ కౌన్ బనాతా?" అన్నాడు. ఎవరికైనా నేర్పుతానన్నాను. పంపు చూసే బంగ్లాదేశీకి నేర్పాను. వాడు కడితే విసిరినప్పుడే గుండు ఊడి గాల్లో ఎగిరిపోతుంది. ఫోర్‌మన్ కడితే అసలు తెగదు. సాబ్ ఒక్కో రిగ్గునూ వేళ్లతో లాగి చూసి బుట్టలో పారేశాడు. ఆఖరికి నాది లాగాడు. తెగాల్సిన చోట తెగింది. నా భుజం తట్టి, "నువ్వు లేకపోతే రాణి చచ్చిపోతుంది" అన్నాడు. నా సెలవు అక్కడితో ముగిసింది.

పట్టినదాన్ని క్షేమంగా వదిలిపెట్టడం ఈ తోటలో నాకొక్కడికే వచ్చు. అందుకే నన్ను వదలడం లేదు. ఒళ్లు మండుతోంది బావా. నాయన ముడే వేస్తూ ఉండిపోతే ఈపాటికి ఇంట్లో ఉండేవాణ్ణి.

పాస్‌పోర్టు అర్బాబ్ దగ్గరుంది. కనకవ్వకు నా మీద కోపం ఉంటే నాకు రాయమను. ఏమీ రాయకపోవడం కన్నా అదే నయం.

లచ్చన్న

*

మానేటిపల్లె
నవంబర్ 1992

బావా,

పెద్దల కాళ్లావేళ్లా పడి ఎండాకాలం పెళ్లిళ్ల దాకా గడువు తెచ్చాను. ఇప్పుడు మా ఇంట్లో నేనూ మా చెల్లే ఉన్నాం. మీ ఇంట్లో మీ చెల్లె ఒక్కతే ఉంది. నేను నా పెండ్లాన్ని చూడాలంటే నీ ఇంటి ముందు నుంచి ఊరికే పోతున్నట్టు పోవాలి. ఊరంతా కిటికీల్లో నుంచి చూస్తోంది.

దారి నీ ఉత్తరంలోనే ఉంది. నీకు కనబడలేదు, నాకు కనబడింది. మీ నాయన ముడి వెయ్యి. గుండు తెగకుండా బిగించు. ఆ చేప తుంగలో పడి చస్తే సాబ్‌కు నీ అవసరమూ తీరిపోతుంది, నీ మొహమూ చూడబుద్ధి కాదు. తెల్లారేసరికి టికెట్టు చేతిలో పెడతాడు. పోయేది ఒక చేప. నువ్వు పుట్టినప్పటి నుంచి ఎన్ని చేపలు తినలేదు? కావాలంటే నువ్వొచ్చాక మానేరుకు కొబ్బరికాయ కొడదాం.

ఇంత సులువు పనికి నన్ను మళ్లీ ఉత్తరం రాయనీయకు.

గణపతి

*

సహం
జనవరి 1993

బావకు,

నువ్వు రాసినట్టే కట్టాను. బుధవారం కట్టాను, గురువారం విప్పాను. మళ్లీ కట్టాను. శుక్రవారం సాబ్ చేతికి ఇచ్చింది మాత్రం మంచిదే. ఆ మూతి మానడానికి నేనెన్ని వారాలు ఎదురుచూశానో నీకు తెలియదు. నాకు పౌరుషం లేదనుకో, పిరికివాడననుకో. నా వల్ల కాలేదు.

కానీ ఇంకో దారి దొరికింది. నా అంత బాగా కట్టేవాణ్ణి తెచ్చి నా చోట పెడితే సెలవిస్తానని సాబ్ ఒప్పుకున్నాడు. అర్బాబ్ కూడా వీసా ఇస్తానన్నాడు. అలాంటివాడు నాకు తెలిసినంతలో ఒక్కడే ఉన్నాడు. మానేరు మీద నాయన తర్వాత చెప్పుకోదగ్గ చెయ్యి ఎవరిది? సంఘానికి పెద్దమనిషి ఎవరు? ఊరికే పొగడడం లేదు.

మూడు నెలలు బావా. నేను కనకవ్వను ఇంటికి తెచ్చుకుని, పెద్దల ముందు మాట చక్కబెట్టుకుని తిరిగి వస్తాను. నువ్వు మళ్లీ రాజవ్వతో హాయిగా ఉంటావు. రెండు సంసారాలూ నిలబడతాయి. వీసా వచ్చేలోగా పాస్‌పోర్టు తీసి పెట్టుకో.

లచ్చన్న

*

సహం
ఆగస్టు 1993

బావకు,

ఇంటికి పోయి మూడు నెలలైనా రెండు ముక్కలు రాయని మనిషికి ఈ ఉత్తరం. రాజవ్వ మాత్రం రాయించింది. నువ్వూ కనకవ్వా జంటగా సిరిసిల్లలో సినిమాకు పోయారట. సంతోషం. ఆ సంతోషానికి నేనిక్కడ నీ చోట ఎండలో కూర్చుని దారాలు కడుతున్నాను.

ఎండ గురించి నువ్వు ఎప్పుడూ సరిగా రాయలేదు. ఈ సహంలో గాలికి కూడా చెమట పడుతుంది. రెండడుగులు వేస్తే సముద్రం, ఒడ్డున చేపలు గుట్టలుగా పడి ఉంటాయి. సాబ్ ఆ వంక చూడడు. నన్ను కూడా చూడనివ్వడు. చేపలు పట్టే పద్ధతి అది కాదట.

మొదటివారం నేను కట్టినవన్నీ బుట్టలో పడ్డాయి. సంఘం పెద్దమనిషికి జరిగిన మర్యాద ఇది, ఎవరికీ చెప్పకు. నువ్వున్న పదిరోజుల్లో నేర్పింది సరిపోలేదు. ఆ తర్వాత పట్టు దొరికింది. మొన్న సాబ్ లాగి చూసి, నీ బావ కన్నా నీ చెయ్యి మెత్తన అన్నాడు. సిగ్గు లేకుండా పొంగిపోయాను.

రాణిని చూశాను. నువ్వు రాసినదాని కన్నా పెద్దది. పరుపు మీద పడుకోబెట్టినప్పుడు కదలకుండా చూస్తుంది. మూతి పక్కన నీ ముడి వల్ల పడ్డ మచ్చ తెల్లగా అలాగే ఉంది.

మూడు నెలలన్నావు. అయిపోయాయి. ఎప్పుడు బయలుదేరుతున్నావో రాయి.

గణపతి

*

మానేటిపల్లె
డిసెంబర్ 1993

గణపతి బావకు,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. వానలు బాగా పడ్డాయి, చెరువు నిండింది, చేపపిల్లలు వదిలే పని పడింది. నువ్వు లేవని సంఘం వాళ్లు నన్ను పెద్దగా పెట్టుకున్నారు. తర్వాత కనకవ్వ నీళ్లోసుకుంది. ఇప్పుడు ఆమెను విడిచి ఎలా రాను? కాన్పు కానీ, చూద్దాం.

నేను అర్బాబ్ లాగే మాట్లాడుతున్నానని నాకూ తెలుస్తోంది. రాస్తుంటేనే తెలిసింది. కానీ కనకవ్వ నా పాస్‌పోర్టును బియ్యం కుండలో దాచింది. అడిగితే కుండ మీద కూర్చుంటుంది.

అసలు సంగతి చెప్పాలి. మీ ఇంట్లో ఒక్కతే ఉండలేనని రాజవ్వ పెట్టెతో వచ్చేసింది. పెట్టెను మా అరుగు మీదే దింపింది. లోపల పెట్టనివ్వడం లేదు. "మా ఆయనొచ్చే దాక గీడనే ఉంటది. తెచ్చేది నువ్వు, పంపింది నువ్వు" అంటోంది. ఇక కనకవ్వ లేచి, నేను మా అన్న ఇంటికి పోత అని మొదలుపెట్టింది. నెల తప్పిన మనిషి. పెద్దలకు మళ్లీ కబురు పోయింది. ఈసారి నవ్వుతూ కూర్చున్నారు, అది ఇంకా కష్టంగా ఉంది.

బావా, నువ్వు నాకు ఒక సలహా ఇచ్చావు. గుర్తుంది కదా. నేను చేతగానివాణ్ణి. నువ్వు గట్టి మనిషివి. ఒక్క ముడి. పోయేది ఒక చేప.

లచ్చన్న

*

సహం
ఫిబ్రవరి 1994

బావకు,

అలాంటి సలహా ఇచ్చినవాణ్ణి చెప్పుతో కొట్టాలి. ఇచ్చింది నేనే కాబట్టి ఆ మాట ఇక్కడితో వదిలేస్తున్నాను.

చేశాను. నూలు తీసేసి, గట్టి తంగూసుతో గుండు బిగించి, మీ నాయన ముడి వేశాను. రాజవ్వను తలుచుకుంటూ కట్టాను. సాబ్‌కు ఇస్తే ఆయన లాగి చూడలేదు. నా ముడి మీద అంత నమ్మకం. అలాగే విసిరాడు.

వచ్చింది రాణే. ఆ తొట్టిలో ఇంకో చేప లేనట్టు అదే వచ్చింది. ఎర పట్టి తుంగలోకి పరుగు తీసింది. గుండు ఇరుక్కుంది, పైన దారం తెగింది. అంతా నేను రాసినట్టే జరిగింది. నేను చేయాల్సింది ఊరికే గట్టు మీద నిలబడడం ఒక్కటే. నిలబడితే చాలు, టికెట్టు చేతికొచ్చేది. నిలబడాలనే అనుకున్నాను బావా. నీళ్లు మెడదాకా తగిలాక గానీ దూకానని నాకు తెలియలేదు.

బురదలో తడుముతుంటే వేలికి దాని మూతి తగిలింది. నీ మచ్చ తగిలింది. ఇంకో పక్క నేను చీల్చబోయిన చోటు కూడా తగిలింది. పళ్లతో తంగూసు కొరికి, గుండును అక్కడే బురదలో తొక్కేసి, దాన్ని రెండు చేతులా ఎత్తుకుని వచ్చాను. ఏడ్చాను. తడిసిన మొహం కదా, ఎవరికీ తెలియలేదు.

సాబ్ నన్ను తడిబట్టలతోనే కౌగిలించుకున్నాడు. ఆ ముడి సంగతి ఆయనకు తెలియదు, దారం పాతదయి ఉంటుందన్నాడు. మర్నాడు అర్బాబ్‌ను తోటకు పిలిపించి, నన్ను ముందు నిలబెట్టి, "ఐసా ఆద్మీ ఛోడ్నా నహీ" అని చెప్పాడు. ఇలాంటివాణ్ణి వదులుకోవద్దని. అర్బాబ్ అప్పటికప్పుడే నా వీసా ఇంకో రెండేళ్లు పొడిగించాడు. ఎప్పుడూ బాదేన్ అనే మనిషి, ఆ ఒక్కసారి అనలేదు.

చేపను మాత్రం మందు రాసి వెంటనే వదిలేశారు. బాగానే ఈదుతోంది.

నువ్వు రాలేవు, నాకు తెలుసు. కనకవ్వను కుండ మీద నుంచి లేవమనకు, కడుపుతో ఉంది. పెద్దలకు నేను వేరే రాస్తున్నాను, మా చెల్లె నీ ఇంట్లోనే ఉంటుందని, పెళ్లిళ్ల జోలికి రావద్దని. రాజవ్వకు ఏం చెప్పాలో తోచడం లేదు. మూడు రోజుల నుంచి ఆమెకని మొదలుపెట్టి చింపేస్తున్నాను. నువ్వే చెప్పు. ఆ పెట్టె ఇంకా అరుగు మీదే ఉందన్నావు కదా, లోపల పెట్టించు. రెండు వానాకాలాలంటే తుప్పు పట్టిపోతుంది.

గణపతి